పాత చిత్రిక, పాత రంపం: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం చేయాలి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాను. స్టాన్లీ అనే అమెరికా కంపెనీ చేసిన నాలుగో నంబరు చిత్రిక (నునుపు పనికి), ఐదో నంబరు చిత్రిక (మోటు పనికి), ఇత్తడి బిళ్ల ఉన్న చెక్క పిడి రంపం, పిడి ఊడిపోయిన ఉలి. చిత్రికని తెలంగాణలో చాలామంది రంద అంటారు, కొన్నిచోట్ల తోపడా అంటారు. ఈ గంటసేపూ నేను చిత్రిక అనే అంటాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

ముందు తుప్పు సంగతి తేల్చేద్దాం. పాత సామాను దగ్గర కొనేవాడి కన్ను మొదట తుప్పు మీదే పడుతుంది, బేరం కూడా దాని మీదే నడుస్తుంది. నిజానికి తుప్పు వదిలించడం ఒక పూట పని. మన చేతుల్లో బాగవనివి మూడున్నాయి. పోత ఇనుములో పగులు, రంపపు రేకులో మడత, వాదర (కోసే అంచు) దగ్గర లోతైన తుప్పు గుంట. అందుకే తళతళలాడే చిత్రికని చూస్తే ఎక్కువ అనుమానం రావాలి. తుప్పుపట్టిన దాంట్లో ఉన్న పగులు కనిపిస్తుంది. వైర్ బ్రష్ చక్రంతో రుద్ది నల్ల రంగు కొట్టిన దాంట్లో కనిపించదు.

హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజార్ ఉంది, ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉంది. అలాంటి చోటికి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న టార్చి, ఆరంగుళాల స్టీలు స్కేలు, ఒక స్క్రూడ్రైవరు, నూనె గుడ్డ ఉండాలి. అమ్మేవాళ్ళు చాలాచోట్ల ఇనుమును తూకం లెక్కనే చూస్తారు. విప్పి చూస్తామంటే వద్దనేవాళ్ళు తక్కువ. వద్దంటే మాత్రం అక్కడ కొనకండి.

చిత్రికని విప్పడానికి రెండు నిమిషాలు చాలు. పైన ఉన్న మీట ఎత్తితే లీవర్ క్యాప్ అనే బిగింపు మూత వస్తుంది. దాని కింద కత్తి, కత్తికి బిగించిన చిప్‌బ్రేకర్ అనే రేకు ఉంటాయి. ఆ రెండూ తీస్తే ఏటవాలు దిమ్మ కనిపిస్తుంది. దాన్ని ఫ్రాగ్ అంటారు. ఇప్పుడు టార్చి వేసి కత్తి బయటికి వచ్చే నోరు చూడండి. నోటి రెండు మూలల నుంచి పక్క గోడల్లోకి వెంట్రుకలాంటి గీత పాకిందేమో చూడాలి. గీత అనుమానంగా ఉంటే నూనె గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, ఒక నిమిషం ఆగండి. అది పగులైతే లోపలికెళ్ళిన నూనె మళ్ళీ గీతలా పైకి ఊరుతుంది. ఇంకో పరీక్ష ఉంది. విప్పిన ఉత్త ఒంటిని రెండు వేళ్ళతో ముందు కొసన వదులుగా పట్టుకుని స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గంటలా మోగితే మంచిదే. పగిలిన కుండలా బద్దగా పలికితే వదిలేయండి. పోత ఇనుము గ్రానైటు గచ్చు మీద ఒక్కసారి పడితే చాలు, పగులుతుంది. దాన్ని అతికించాలంటే ముందు ఒళ్ళంతా వేడి చేసి నికెల్ రాడ్‌తో వెల్డింగ్ చేయాలి. అలా అతికించినా అడుగు వంగిపోతుంది. నోటి అంచున చిన్న పెచ్చు ఊడితే నాలుగో నంబరుకి అది లోపమే, ఐదో నంబరుతో మోటు పని చేసుకునేవాడికి లెక్కలోది కాదు.

తరవాత కత్తి. పైనుంచి కిందికి పొడుగ్గా ఉన్న గాడి ఎక్కడ ఆగిందో, అక్కడినుంచి వాదర దాకా స్కేలు పెట్టి కొలవండి. ఒక అంగుళం మిగిలి ఉంటే ఇంట్లో పని చేసుకునేవాడికి ఏళ్ళ తరబడి వస్తుంది. అర అంగుళం కన్నా తక్కువుంటే కొత్త కత్తి ఖర్చు కూడా బేరంలో కలుపుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది మోసపోయేది తప్పిపోయిన స్క్రూల దగ్గర. ‘స్క్రూయేగా, హార్డ్‌వేర్ షాపులో పావలా పని’ అనుకుంటారు. స్టాన్లీ తన చిత్రికలకి బజారులో దొరకని మరలు వాడింది. ఫ్రాగ్‌ని బిగించే స్క్రూ పన్నెండో నంబరు, అంగుళానికి 20 మరలు. లీవర్ క్యాప్ స్క్రూ 9/32 అంగుళం, 24 మరలు. మెట్రిక్ స్క్రూని బలవంతంగా తిప్పితే పోత ఇనుములో ఉన్న మర చెడిపోతుంది, ఆ తరవాత అసలు స్క్రూ దొరికినా పట్టదు. కాబట్టి ఒక్క స్క్రూ లేకపోయినా ధర సగానికి అడగండి, లేదా అదే నంబరువి రెండు విరిగిన చిత్రికలు కలిపి కొనుక్కోండి.

వయసు సంగతి. లియొనార్డ్ బెయిలీ అనే ఆయన 1860లలో ఈ అమరికకి పేటెంట్లు తీసుకున్నాడు. 1869లో అవి అమెరికాలో కనెటికట్ రాష్ట్రం న్యూ బ్రిటన్‌లో ఉన్న స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ చేతికి వచ్చాయి. ఈ మాదిరినే ఇంగ్లండులో షెఫీల్డ్‌లోని రికార్డ్ వాళ్ళు 1930ల నుంచి నీలం రంగులో చేశారు. పాత స్టాన్లీల్లో ఫ్రాగ్ వెనక పేటెంట్ తేదీలు పోతపోసి ఉంటాయి. 1902 మార్చి 25, అదే ఏడు ఆగస్టు 19, కొన్నిట్లో 1910 ఏప్రిల్ 19 కూడా. ఇవి పేటెంట్ ఇచ్చిన తేదీలు, వస్తువు తయారైన తేదీలు కావు. 1902 అని కనిపించగానే ‘నూట ఇరవై ఏళ్ళ నాటిది సార్’ అని అమ్మేవాడు అబద్ధం ఆడుతున్నాడని కాదు, ఆయనకీ తెలియదు. 1910 తేదీ ఉంటే అది 1910 తరవాతిది, అంతవరకు చెప్పొచ్చు. ఫ్రాగ్‌ని వెనకనుంచి ముందుకీ వెనక్కీ జరిపే స్క్రూ ఉంటే 1907 తరవాతిది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇత్తడికి కరువొచ్చి కత్తిని దించే చక్రాలు వేరే సరుకుతో చేశారు. సేకరించేవాళ్ళు వాటిని చిన్నచూపు చూస్తారు, అందుకే పనివాడికి చవగ్గా దొరుకుతాయి. వాటి పోత దళసరి, పని బాగా చేస్తాయి.

ఇక ఇంటికి తెచ్చాం. తుప్పు వదిలించడానికి కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు నీళ్ళకి 50 గ్రాములు. ప్లాస్టిక్ టబ్బులో ఇనుప భాగాలు పూర్తిగా మునగాలి. పైకి తేలిన భాగం దగ్గర నీటి మట్టం వెంట గాడిలా గీత పడిపోతుంది. రెండు గంటలకోసారి తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతూ నాలుగు గంటల్లో ముగించండి. రాత్రంతా మరిచిపోతే ఆమ్లం మంచి ఇనుమునీ తినేసి బూడిదరంగు మచ్చలు మిగులుస్తుంది. ఇత్తడి చక్రం, చెక్క పిడి, అల్యూమినియం ఆ నీళ్ళలో వేయకూడదు. తీసిన వెంటనే లీటరుకి రెండు చెంచాల వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచి, తుడిచి, హెయిర్ డ్రైయరుతో ఆరబెట్టి, కుట్టు మిషను నూనె రాయాలి. వానాకాలంలో ఈ నాలుగు పనుల మధ్య టీకి లేచారంటే తిరిగొచ్చేసరికి నారింజరంగు పొర వచ్చేసి ఉంటుంది.

బ్యాటరీ ఛార్జరు పెట్టి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి ఇప్పుడు అందరూ చూపిస్తున్నారు. అది పనిచేస్తుంది. నీళ్ళలో బట్టల సోడా కలపాలి. నెగిటివ్ తీగ పనిముట్టుకి, పాజిటివ్ తీగ పారేసే ఇనుప ముక్కకి తగిలించాలి. తిరగేస్తే మీ పనిముట్టే కరుగుతుంది. ఆ పారేసే ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలో కలుస్తుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కనక ఆరుబయట చేయాలి. ఒంటి మీది పాత నల్ల పూత కూడా ఈ పద్ధతిలో ఊడిపోతుంది. ఒక్క చిత్రిక కోసం ఇంత హంగామా అనవసరం, నిమ్మ ఉప్పే నయం.

అడుగు చదును చేయడం. చాలామంది రెండు రోజులు రుద్ది, భుజాలు పట్టేసి, చిత్రిక మీద విరక్తి పుట్టేది ఇక్కడే. అడుగంతా అద్దంలా ఉండక్కర్లేదు. ముందు కొస, నోటికి ముందున్న అంచు, వెనక కొస, ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు. మధ్యలో గుంటలున్నా చిత్రిక పనిచేస్తుంది. నోటి ముందు అంచు పల్లంగా ఉంటే మాత్రం చెయ్యదు. ఎందుకంటే కత్తి చెక్కలోకి దిగే చోట నారని అదిమి పట్టేది ఆ అంచే. అది అదమకపోతే పీచు కత్తికన్నా ముందే చీలి లేస్తుంది.

రుద్దడానికి గాజు పలక కొనక్కర్లేదు. మనది కరీంనగర్, ఖమ్మం గ్రానైటు ఉన్న నేల. వంటగది గట్టు కోసిన ముక్క ఏ గ్రానైటు కొట్టులోనైనా మిగిలి ఉంటుంది. రెండడుగుల పాలిష్ ముక్క తెచ్చి, స్టీలు స్కేలు అంచు నిలబెట్టి వెలుతురు దూరకుండా ఉందో లేదో చూసుకోండి. దాని మీద 80 నంబరు ఎమరీ పట్టీ అంటించండి. చిత్రికలో ఫ్రాగ్, కత్తి, లీవర్ క్యాప్ అన్నీ బిగించి, కత్తిని మాత్రం బాగా లోపలికి లాగి ఉంచాలి. ఆ బిగింపుకి ఒళ్ళు రవ్వంత వంగుతుంది, పని చేసేటప్పుడు ఉండే వంపులోనే చదును చేయాలి. విప్పేసి రుద్దితే, బిగించాక మళ్ళీ వంకర వస్తుంది. అడుగు మీద మార్కరుతో అడ్డగీతలు గీసి రుద్దండి. నేను చెప్పిన మూడు చోట్లా గీతలు చెరిగితే 120, తరవాత 220 వేసి ఆపేయండి.

కత్తి దగ్గరికొద్దాం. వీపు అంటే కత్తి చదునుగా ఉన్న వైపు. దాన్నంతా రుద్దక్కర్లేదు, వాదర దగ్గర అర అంగుళం మెరిస్తే చాలు. కోణానికి కోణమానిని కూడా అక్కర్లేదు. ఏటవాలు పొడవు కత్తి మందానికి సరిగ్గా రెండింతలు ఉంటే 30 డిగ్రీలు. రెండున్నర ఇంతలకి రవ్వంత తక్కువుంటే 25. స్టాన్లీ కత్తి మందం సుమారు 2 మిల్లీమీటర్లు, కాబట్టి 4 మిల్లీమీటర్ల ఏటవాలంటే 30 డిగ్రీలన్నమాట. మామూలు పద్ధతి 25కి అరగదీసి, చివరి అంచు మాత్రం 30కి సాన పట్టడం. టేకుతో పనిచేసేవాళ్ళు చివరి అంచు 33 దాకా పెట్టుకోవచ్చు. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, సన్నటి వాదర దాంట్లో తొందరగా మొక్కబోతుంది.

గ్రైండరు గురించి ఒక హెచ్చరిక. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మామూలు బెంచ్ గ్రైండరు నిమిషానికి దాదాపు 2,880 చుట్లు తిరుగుతుంది. అంచు నీలం రంగుకి వచ్చిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది, మళ్ళీ సాన పట్టినా నిలవదు. నీలం ఉన్నంత మేరా మెల్లగా అరగదీసి పారేయాల్సిందే. రెండు సెకన్లకోసారి నీళ్ళలో ముంచండి. చేతికి ఓపికుంటే కార్బొరండమ్ రాయి మీదే చేయండి.

(సభలోంచి ప్రశ్న: చిప్‌బ్రేకర్ ఎంత దూరంలో పెట్టాలి?)

మంచి ప్రశ్న, అసలు ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. చిప్‌బ్రేకర్ కత్తికి తోడుగా ఊరికే పెట్టిన రేకు కాదు. కత్తి లేపిన పొట్టు పైకి జారుతూ దానికి గుద్దుకుని వెనక్కి మడుస్తుంది. ఆ మడతకి పొట్టు బలం పోతుంది, చెక్కని చీల్చుకుంటూ ముందుకి పోలేదు. మన వేప, నల్లమద్ది, వేగిస లాంటి చెక్కల్లో నార వాటం జానెడుకోసారి మారుతుంది. ఏ వైపు నుంచి తోసినా ఎక్కడో ఒకచోట ఎదురు తగులుతుంది. అక్కడ పెచ్చులు లేవకుండా ఆపేది చిప్‌బ్రేకరే. అలాంటి చెక్క మీద ఆఖరి పొరలు తీసేటప్పుడు వాదరకీ దానికీ మధ్య 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్లు. వాటం సరిగా ఉన్న టేకుకి 0.8 చాలు. మోటుగా చెక్క తగ్గించే ఐదో నంబరుకి ఒకటిన్నర, రెండు.

0.3ని స్కేలుతో కొలవలేం కదా. కత్తిని వెలుతురుకి పట్టండి, చిప్‌బ్రేకర్ ముందు మెరిసే సన్నటి గీత మాత్రం కనిపించాలి. స్క్రూ బిగించేటప్పుడు అది ముందుకి జరిగిపోతుంది, కాబట్టి కాస్త వెనకే ఉంచి బిగించండి. ఇంత దగ్గరగా పెట్టాక పొట్టు నోట్లో ఇరుక్కుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, చిప్‌బ్రేకర్ అంచు కత్తి వీపు మీద పూర్తిగా కూర్చోలేదు. ఆ సందులోకి పొట్టు దూరి ముడుచుకుపోతుంది. చిప్‌బ్రేకర్ కింది అంచుని రాయి మీద, వెనక భాగం కాస్త కిందికి వాల్చి రుద్దండి, ముందు కొన మాత్రమే కత్తికి ఆనాలి. రెండూ కలిపి వెలుతురుకి పట్టి చూస్తే ఎక్కడా సందు కనిపించకూడదు. ఫ్రాగ్‌ని మరీ ముందుకి జరిపి నోరు ఇరుకు చేసినా పొట్టు ఇరుక్కుంటుంది. చిప్‌బ్రేకర్ దగ్గరగా ఉన్నప్పుడు నోరు కాస్త తెరిచే ఉంచాలి, రెండిటినీ బిగించకూడదు.

కత్తిని దించే ఇత్తడి చక్రానికి ఎడమ మర ఉంటుంది, కుడికి తిప్పితే కత్తి కిందికి వస్తుంది. పాత చిత్రికల్లో అర చుట్టు నుంచి ఒక చుట్టు దాకా చక్రం ఖాళీగా తిరుగుతుంది. అది చెడిపోయిందని కాదు. కానీ ఆఖరి సర్దుబాటు ఎప్పుడూ కత్తిని దించుతూనే ముగించాలి. వెనక్కి లాగి అక్కడ ఆపితే ఆ ఖాళీ వల్ల పని మధ్యలో కత్తి పైకి జారిపోతుంది. చిత్రిక గడగడా ఎగిరితే ముందు ఫ్రాగ్ స్క్రూలు చూడండి, తరవాత కత్తికీ ఫ్రాగ్‌కీ మధ్య పాత మట్టి, రంగు ఉన్నాయేమో చూడండి.

రంపం. పిడి దగ్గర కన్ను పెట్టి, తుపాకీ గురి చూసినట్టు పళ్ళ వరస వెంట చూడండి. మెల్లగా విల్లులా వంగిన రేకుని చేత్తో ఎదురు వంచి దారికి తేవచ్చు. ఒకచోట టక్కున విరిగినట్టున్న మడత మాత్రం సుత్తితో రేకు సరిచేయడం తెలిసిన వాళ్ళకే పని, అలాంటి వాళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం. పిడి మీది ఇత్తడి బిళ్ల చదవండి. ‘వారంటెడ్ సుపీరియర్’ అని ఉంటే అది కంపెనీ పేరు కాదు, ఎన్నో కంపెనీలు తమ పేరు వేయని రంపాలకి వాడిన బిళ్ల. డిస్టన్ అని, ఫిల అని ఉంటే ఫిలడెల్ఫియా సరుకు. హెన్రీ డిస్టన్ 1840లో మొదలుపెట్టిన కంపెనీ 1955లో చేతులు మారింది, అంతకు ముందువి ఎక్కువమంది వెతుకుతారు. రేకు మీద ముద్ర దాగి ఉండొచ్చు కనక వైర్ బ్రష్ వాడొద్దు. చదునైన చెక్క దిమ్మకి 320 నంబరు గరుకు కాగితం చుట్టి, నూనెతో మెల్లగా రుద్దండి.

పళ్ళు అంగుళానికి ఎన్ని కొనలో లెక్కపెట్టండి. నిలువు కోతకి ఐదు, ఆరు. అడ్డ కోతకి ఎనిమిది నుంచి పది. పదును పెట్టే వరస ఇది. ముందు చదును ఆకురాయిని పళ్ళ కొనల మీదుగా నిలువునా నడిపి, ప్రతి పన్ను కొనా చిన్న చుక్కలా మెరిసేదాకా సమం చేయాలి. ఆ తరవాత పళ్ళని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వంచాలి, వంచేది పన్ను ఎత్తులో పై సగమే. మొదలుదాకా వంచితే పన్ను విరుగుతుంది. చివరికి ముక్కోణపు ఆకురాయి. దాని ఒక్కో ముఖం వెడల్పు పన్ను ఎత్తుకి రెండింతలకన్నా రవ్వంత ఎక్కువుండాలి. అప్పుడే మూడు అంచులూ సమంగా అరుగుతాయి. మెరిసే చుక్క మాయమవగానే ఆపండి, ఇంకో తోపు తోస్తే ఆ పన్ను పొట్టిదవుతుంది. ఎండిన టేకుకి పళ్ళ వంపు తక్కువ చాలు, పచ్చి చెక్కకి ఎక్కువ కావాలి. కోత ఒకవైపుకి లాగుతుంటే ఆ వైపు పళ్ళు ఎక్కువ వంగాయన్నమాట. ఆ వైపు నూనెరాయితో ఒకసారి సుతారంగా రాయండి.

ఈ రంపాలు ముందుకి తోస్తే కోస్తాయి. నేల మీద కూర్చుని, కాలితో చెక్క అదిమి, తనవైపుకి లాగి కోసే అలవాటున్న చేతికి ఇవి తిరగబడతాయి. మోకాలి ఎత్తు పీట కావాలి, పద్దెనిమిది ఇరవై అంగుళాలు. చిత్రికకి మణికట్టు ఎత్తు బల్ల కావాలి. బల్ల లేకుండా నాలుగో నంబరు కొనడం ఎడ్లు లేకుండా నాగలి కొనడమే.

ఉలి గురించి రెండు మాటలు. షెఫీల్డ్ ఉలుల మీద ‘కాస్ట్ స్టీల్’ అని ఉంటే పోత ఇనుము అనుకుని వదిలేస్తారు. అది మూసలో కరిగించిన మేలైన ఉక్కు. బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో షెఫీల్డ్‌లో ఆ పద్ధతి నిలబెట్టాడు. అంతకు చాలాముందే మూసల్లో ఉక్కు చేసిన ఊళ్ళు మనకున్నాయి, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వాటిలో పేరున్నది. ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నది మన ‘ఉక్కు’ మాటనే అంటారు. కొనేటప్పుడు మాత్రం ముద్ర కన్నా వీపు ముఖ్యం. వాదర నుంచి మొదటి అంగుళంలో గుంటలుంటే, సాన పట్టిన ప్రతిసారీ అంచు ఏదో ఒక గుంటలో పడి పన్నులా విరిగి కనిపిస్తుంది. కొత్త పిడికి మామిడి వద్దు, నల్లతుమ్మ చేవ చూడండి.

(సభలోంచి ప్రశ్న: అమెరికాలో మావాడు ఎస్టేట్ సేల్‌లో, అంటే ఇంటి పాత సామాను అమ్మేచోట, చిత్రిక కొన్నాడు. తీసుకురావచ్చా?)

విమానంలో చేతిసంచిలో పెట్టనివ్వరు, చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. కత్తి విప్పి, అంచుకి అట్ట కట్టి వేరుగా ఉంచమనండి. పాత స్టాన్లీల పిడి బ్రెజిల్ రోజ్‌వుడ్ కావచ్చు. ఆ చెట్టుని 1992లో అంతర్జాతీయ రక్షణ జాబితాలో పెట్టారు, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. పిడి అక్కడే విప్పేసి ఒంటిని మాత్రం తెమ్మనండి, పిడులు మనం ఇక్కడ చేసుకుందాం.

(ఇంకో ప్రశ్న: కాకినాడలో ఉంటాం, ఏం రాసినా తుప్పు పడుతోంది. కొబ్బరినూనె మంచిదంటారు?)

వద్దు. నిలవుంటే జిడ్డుకట్టి, దుమ్ము పట్టి, కత్తి ఫ్రాగ్‌కి అంటుకుపోతుంది. సముద్రం గాలికి కుట్టు మిషను నూనె పలచగా రాసి, మూత ఉన్న పెట్టెలో పెట్టండి. చెమట చేత్తో ముట్టుకున్న చోటల్లా వేలిముద్రలా తుప్పు లేస్తుంది కాబట్టి పని అవగానే తుడవాలి. అడుక్కి నూనె రాస్తే చెక్క మీద మరక పడుతుంది. అక్కడ మాత్రం కొవ్వొత్తి ముక్కతో రెండు గీతలు గీయండి, తోయడమూ తేలికవుతుంది. ఇప్పుడు ముందుకి రండి, ఈ ఐదో నంబరు విప్పే ఉంది, నోటి దగ్గర పగులుందో లేదో మీరే చెప్పండి.